అప్‌డేట్: ముసురుకు మొద్దుబారిన సైడ్ డ్రమ్ములు

ఆగస్టు 15 కవాతు దగ్గరపడుతుంటే మా బడి బ్యాండులో సైడ్ డ్రమ్ముల తోళ్లు ముసురుకు సాగిపోయి నీరసంగా మోగుతున్నాయని అడిగాను కదా. తోళ్లు తీసేసి ప్లాస్టిక్ షీట్లు వేయించాను. వాటికి చెమ్మ పట్టదు. మీరు చెప్పినట్టే మరలను వరుసగా కాకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించాను. అడుగున ఉన్న తీగలు ఇప్పుడు చిటపటమంటున్నాయి. తోలు నాదంలోని నిండుదనం మాత్రం రాలేదు, నాకది లోటే.

బ్యూగిల్ సంగతి వేరు. దానికి మీటలుండవు, స్వరమంతా పెదవుల బిగువులోనే. ఏడో తరగతి అమ్మాయి బుగ్గలు ఉబ్బించకుండా పై స్వరం పట్టేసింది. పక్క గదిలో లెక్కల పరీక్ష జరుగుతోందట! ఇక సాధన మైదానం చివర వేపచెట్టు కిందే.

కవాతులో ఎడమ అడుగుకు పడాల్సిన బాస్ డ్రమ్ము దెబ్బ, మా అబ్బాయి వాయిస్తే ఇప్పటికీ కుడి అడుగుకు పడుతోంది. దానికి మందుంటే చెప్పండి.