డాలస్‌కి కొత్త: లేఆఫ్‌ల మాట వింటున్నాం, ఇల్లు తీసుకోవచ్చా?

కొత్త సభ్యుడు, మెకిన్నీ:

అందరికీ నమస్కారం. హెచ్-1బి మీద ఈ మధ్యే వచ్చాం, మా ఆవిడది హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా). మా టీమ్‌లో హైరింగ్ ఆపేశారు, పక్క గ్రూపులో కొందరిని తీసేస్తారని చెప్పుకుంటున్నారు. ఇంకోపక్క మొదటి ఏడాది వడ్డీ తగ్గిస్తామని బిల్డర్ల ఫోన్లు. ఊళ్లో నాన్నగారు ప్లాటు చూస్తున్నారు. నిజంగా మాంద్యం వస్తే మొదటి దెబ్బ ఎక్కడ తగులుతుంది? ఇప్పటి నుంచే ఏం సర్దుకోవాలి?

ఇర్వింగ్ నుంచి:

తమ్ముడూ, ఇక్కడివాళ్లకి ఉద్యోగం పోతే డబ్బుకి ఇబ్బంది. మనకి డబ్బుకంటే ముందు రోజులు అయిపోతాయి. అందుకని లెక్క తేదీలతో మొదలుపెట్టు.

హెచ్-1బి వాళ్లకి ఉద్యోగం ఆగాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (ఎప్పటిదాకా ఇక్కడ ఉండొచ్చో చెప్పే రికార్డు) మీద ఉన్న గడువు, ఏది ముందొస్తే అది. 2017 జనవరి నుంచి ఉన్న నియమం ఇది. ఈ 60 రోజులు సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) డబ్బు అయిపోయిన రోజు నుంచి కాదు, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి లెక్క. 'రెండు నెలలు పేరోల్ మీద ఉంచుతాం, పని మాత్రం చేయక్కర్లేదు' అని కంపెనీ అంటే, ఉద్యోగం ముగిసే తేదీ ఏదో కాగితం మీద రాయించుకో. అది తేలేదాకా పని ఆపిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.

చేతిలో 60 రోజులు ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉండవు. కొత్త కంపెనీ పిటిషన్ వేయాలంటే ముందు ఎల్‌సీఏ (జీతం, పని వివరాలతో కార్మిక శాఖకి ఇచ్చే కాగితం) కావాలి, దానికి కార్మిక శాఖ 7 పనిదినాలు తీసుకుంటుంది. మొదటిసారి వేస్తున్న చిన్న కంపెనీ అయితే దాని పన్ను నంబరు సరిచూడటానికి ఇంకొన్ని రోజులు. లాయరు కాగితాలకి ఒక వారం. అంటే 40వ రోజుకి ఆఫర్ లెటర్ చేతిలో లేకపోతే చివరి రోజు దాకా ఉరుకులే. పిటిషన్ అందినట్టు తెలిస్తే పనిలో చేరొచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు. అందుకే ప్రీమియం ప్రాసెసింగ్ (రుసుము కట్టి త్వరగా తేల్చుకోవడం) కంటే ఆ 60లోపు దాఖలు కావడం ముఖ్యం.

దొరక్కపోతే 60 పూర్తికాకముందే ఐ-539 (హోదా మార్పు దరఖాస్తు) వేసి బి-2కి (సందర్శకుల హోదా), భార్యాభర్తల్లో మరొకరికి సొంత హెచ్-1బి ఉంటే హెచ్-4కి మారొచ్చు. బి-2 పెండింగ్‌లో ఉన్నంతకాలం ఉండనిస్తారు, పని చేయనివ్వరు. ఆ తర్వాత వచ్చే హెచ్-1బి పిటిషన్‌ని ఆమోదించినా, దేశం బయటికి వెళ్లి రమ్మనే ప్రమాదం ఉంది. 2025 సెప్టెంబరు 21 నుంచి, బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు కాబట్టి ఈ తేడా ఇప్పుడు చాలా పెద్దది. హోదా ఉండగా ఇక్కడి నుంచే వేసి, ఇక్కడే మార్పు ఆమోదం పొందిన పిటిషన్లకి అది వర్తించదని అదే అక్టోబరులో స్పష్టం చేశారు. ఇవి మారుతుంటాయి, ఆ రోజుకి ఉన్న పరిస్థితి లాయరుని అడుగు, వాట్సాప్ గ్రూపుని కాదు.

ఈ శనివారం చేయాల్సిన పని ఒకటుంది. ఐ-797 (పిటిషన్ ఆమోద పత్రం), ఐ-94, ఎల్‌సీఏ, ఆఫర్ లెటర్, ఇప్పటిదాకా వచ్చిన పేస్టబ్‌లు (జీతం చీటీలు), డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను కాగితం) వచ్చాక అదీ, సొంత ఈమెయిల్లో, సొంత డ్రైవ్‌లో పెట్టుకో. తీసేసే రోజు పొద్దున లాప్‌టాప్ లాక్ అవుతుంది, పేరోల్ సైటు కూడా చాలాసార్లు దాంతోపాటే పోతుంది. కొత్త లాయరు మొదట అడిగేవి ఆఖరి రెండు మూడు పేస్టబ్‌లే.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

పైన చెప్పినదానికి ఒక చేర్పు. కన్సల్టెన్సీ ద్వారా వచ్చినవాళ్లకి మాంద్యం ఇంకోలా వస్తుంది. క్లయింటు మొదట కోసేది కాంట్రాక్టర్లనే. సెవరెన్స్ ఇవ్వక్కర్లేదు, పీఓ (క్లయింటు ఇచ్చే పని ఆర్డరు) పొడిగించకపోతే చాలు. ఏడాదికి వచ్చే పొడిగింపు మూడు నెలలకి, తర్వాత నెలకి వస్తోందంటే, వెండర్లని రేటు 10 శాతం తగ్గించమంటున్నారంటే, వెళ్లిపోయినవాళ్ల స్థానంలో ఎవర్నీ తీసుకోవట్లేదంటే అదే కబురు.

అప్పుడు కన్సల్టెన్సీవాళ్లు 'ప్రాజెక్టు వచ్చేదాకా బెంచ్, జీతం ఉండదు, స్టేటస్‌కి ఏం కాదు' అంటారు. ఆ మాట తప్పు. పని లేకపోవడం యజమాని సమస్య అయితే ఎల్‌సీఏలో రాసిన జీతం ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే డబ్ల్యూహెచ్-4 ఫారం మీద కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి 12 నెలల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. గడువుకి ముందే తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు కూడా వాళ్లదే. 'నువ్వే డబ్బు కట్టు, పేరోల్ మేం నడుపుతాం' అనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. రేపు గ్రీన్‌కార్డు దశలో ఆ పేస్టబ్‌లే మెడకి చుట్టుకుంటాయి.

వంద మందికి పైగా ఉన్న కంపెనీలు మూకుమ్మడిగా తీసేస్తే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని వార్న్ చట్టం. టెక్సస్‌లో ఆ నోటీసులు వర్క్‌ఫోర్స్ కమిషన్ సైటులో పెడతారు. అప్పుడప్పుడు చూస్తుండండి, పుకార్లకంటే నయం.

ఫ్రిస్కో నుంచి, ఇళ్ల సంగతి:

బాబూ, ఇల్లు కొనొద్దని నేను అనను. ఏడాదిలోపు అమ్మాల్సివస్తే ఏమవుతుందో వేసుకుని కొనండి.

5,00,000 డాలర్ల ఇల్లు, 5 శాతం డౌన్ అనుకుందాం. అప్పు 4,75,000. వడ్డీ 6.5 శాతం, 30 ఏళ్లు అయితే అసలు, వడ్డీ కలిపి నెలకి సుమారు 3,000. మొదటి ఏడాది మొత్తంలో అసలు తగ్గేది 5,300 దగ్గర. మీరు పెట్టిన 25,000 కలిపితే మీ వాటా 30,000 చిల్లర. అమ్మేటప్పుడు ఏజెంట్లు, టైటిల్, చిన్నాచితకా కలిపి 6 శాతం వేసుకున్నా 30,000 పోతుంది. ధర ఒక్క శాతం తగ్గినా మీరే చెక్కు రాసి బయటపడాలి. అదే వీధిలో బిల్డర్ కొత్త ఇళ్లకి వడ్డీ రాయితీ ఇస్తుంటే మీ ఇంటికి ఎవరూ రారు. జోరు తగ్గాక ప్రాస్పర్, సెలీనా లాంటి కొత్త ప్రాంతాల్లో జరిగేది ఇదే, పక్క ఖాళీ స్థలాలన్నీ మీ పోటీదారులు.

ఇక బిల్డర్లు చెప్పే ఆ వడ్డీ తగ్గింపు, 2-1 బైడౌన్ సంగతి. మొదటి ఏడాది 2 శాతం తక్కువ, రెండో ఏడాది 1 తక్కువ, మూడో ఏడాది అసలు రేటు. 'అప్పటికి రేట్లు తగ్గుతాయి, రీఫైనాన్స్ చేసుకోవచ్చు' అంటారు. రీఫైనాన్స్‌కి ఉద్యోగం ఉండాలని చెప్పరు.

అసలు దెబ్బ టాక్సు దగ్గర. టెక్సస్‌లో జనవరి 1న ఉన్న విలువ మీద పన్ను. ఇల్లు ఏడాది మధ్యలో పూర్తయితే ఆ ఏడాది పన్ను ఒట్టి స్థలానికే వస్తుంది. స్థలం విలువ 1,10,000, రేటు 2.2 శాతం అయితే 2,420. మరుసటి ఏడు పూర్తి ఇంటికి 11,000. లెండర్ పాత బిల్లు చూసి ఎస్క్రోలో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెల కంతుతోపాటు పట్టి ఉంచే ఖాతా) నెలకి 200 పట్టుకుంటూ పోతే 8,600 లోటు వస్తుంది. దాన్ని 12 నెలలకి పంచి, కొత్త పన్నుతో కలిపి, నెల కంతు ఒక్కసారిగా 1,400 పైన పెరుగుతుంది. క్లోజింగ్ ముందే 'పూర్తి విలువ మీద ఎస్క్రో కట్టండి' అని లెండర్‌కి రాసి పెట్టండి. మడ్, పిడ్ పన్నులు (నీళ్లు, రోడ్ల లాంటి స్థానిక వసతుల కోసం వేసేవి) ఉన్న లేఅవుటా అని అడగండి, అవి ఆ 2.2 మీద అదనం. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి పన్ను మినహాయింపు) కొంత తగ్గిస్తుంది, అప్లై చేయకపోతే రాదు.

ఇంకో రెండు మాటలు. హెచ్-1బి వాళ్లకి ఎఫ్‌హెచ్ఏ లోన్ (ప్రభుత్వ బీమా ఉన్నది) 2025 మే 25 నుంచి లేదు, ఆ బీమా లేని కన్వెన్షనలే. క్లోజింగ్‌కి ముందు 10 పనిదినాల్లో లెండర్ మీ ఆఫీసుకి ఫోన్ చేసి ఉద్యోగం ఉందా అని మళ్లీ అడుగుతాడు. సంతకానికి, తాళాలకి మధ్య లేఆఫ్ అయితే లోన్ ఆగుతుంది, బిల్డర్‌కి కట్టిన డిపాజిట్ చాలా కాంట్రాక్టుల్లో తిరిగి రాదు. ఆ పేరా చదివాకే సంతకం పెట్టండి.

కొత్త సభ్యుడు:

అక్కా, ఎస్క్రో సంగతి బిల్డర్ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఇన్సూరెన్స్, షేర్లు, 401కె (రిటైర్మెంట్ ఖాతా) గురించి కూడా ఎవరైనా చెప్తారా? మా ఆవిడకి ఒక సర్జరీ అనుకుంటున్నాం.

ప్లేనో నుంచి:

సర్జరీ ఉంటే ఉద్యోగం ఉండగానే చేయించుకోండి. లేఆఫ్ అయితే కవరేజి కొన్నిచోట్ల ఆ రోజుతో, కొన్నిచోట్ల నెలాఖరుతో ఆగుతుంది. తర్వాత కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకునే చట్టం): 20 మంది, ఆ పైన ఉన్న కంపెనీలకి వర్తిస్తుంది, సాధారణంగా 18 నెలలు, ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, పైన 2 శాతం. కుటుంబానికి నెలకి 2,000 దాటడం మామూలే. ఎంచుకోవడానికి 60 రోజులు, ఆపై మొదటి కంతుకి 45 రోజులు ఉంటాయి, కవరేజి మాత్రం పోయిన రోజు నుంచే వెనక్కి లెక్క. ఆరోగ్యం బాగుంటే ఆ గడువులో వేచిచూడొచ్చు. ఏదైనా అయితే ఎంచుకుని వెనకటి నెలలవన్నీ కట్టాలి. మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైటు) పాలసీకీ 60 రోజులే, కానీ అది వెనక్కి వర్తించదు.

కంపెనీ షేర్లు చేతికొచ్చిన రోజే అమ్మేయడం మంచిది. జీతం, వీసా, ఇన్సూరెన్స్ ఇప్పటికే ఆ కంపెనీ చేతిలో ఉన్నాయి. కష్టకాలంలో షేరు పడేదీ, మనుషుల్ని తీసేసేదీ ఒకే వారంలో. ఆర్ఎస్‌యూల (కంపెనీ జీతంతోపాటు ఇచ్చే షేర్లు) మీద ఫెడరల్ పన్ను సాధారణంగా 22 శాతమే పట్టుకుంటారు. మీ శ్లాబు 24 అయితే తేడా ఏప్రిల్‌లో కట్టాలి, దాన్ని పక్కన పెట్టండి. 401కెలో కంపెనీ తన వంతు కలిపే (మ్యాచ్) మేరకు వేయండి, దాని మీద అప్పు తీసుకుని కారు కొనొద్దు. ఉద్యోగం పోయాక ఆ అప్పు పన్ను రిటర్న్ గడువులోపు తీర్చకపోతే డబ్బు తీసేసుకున్నట్టే లెక్క, పన్ను, పైన 10 శాతం జరిమానా.

కారు అడగలేదు గానీ, 84 నెలల లోన్ వద్దు. మొదటి మూడేళ్లు కారు విలువకంటే అప్పే ఎక్కువ ఉండొచ్చు. దేశం వదలాల్సివస్తే ఆ తేడా కట్టందే టైటిల్ (యాజమాన్య పత్రం) చేతికి రాదు.

సన్నీవేల్, కాలిఫోర్నియా నుంచి, పాతవాళ్లలో ఒకడిగా:

కొత్తవాళ్లు ప్రతిసారీ ఇది మొదటిసారి అనుకుంటారు. 2000 మార్చి 10న నాస్‌డాక్ (టెక్ షేర్ల సూచీ) 5,048. 2002 అక్టోబరు 9న 1,114. పడిపోకముందు ఉన్న ఆ డాట్‌కామ్ జోరులోనే హెచ్-1బి వీసా కోటా 65,000 నుంచి 1,15,000కి, 2001 నుంచి 2003 దాకా 1,95,000కి పెంచారు. పెద్ద కోటా అందుబాటులోకి వచ్చేసరికి వైటూకే (2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే) పని అయిపోయింది, అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని దిగినవాళ్లకి ప్రాజెక్టుల్లేవు. 2004కి కోటా మళ్లీ 65,000. తర్వాత 2008 ఏప్రిల్‌లో కోటా మొదటి వారంలోనే నిండింది. సెప్టెంబరులో లేమన్ బ్యాంకు కూలింది, 2009 జనవరి 7న సత్యం బండారం బయటపడింది. ఆ ఏప్రిల్‌లో తెరిచిన కోటా నిండటానికి డిసెంబరు 21 దాకా పట్టింది. ఈమధ్యది తెలిసిందే: 2022 మార్చిలో సున్నా దగ్గరున్న ఫెడ్ రేటు 2023 జులైకి 5.25-5.50 శాతం మధ్యకి చేరింది. చవక అప్పుతో ఎడాపెడా తీసుకున్న కంపెనీలే ముందు తీసేశాయి.

ఇక నాన్నగారి ప్లాటు. 60 రోజుల్లో ఇల్లయినా అమ్మగలరేమో, ఊళ్లో ప్లాటు అమ్మలేరు. అమరావతి చూడండి. 2015 అక్టోబరులో శంకుస్థాపన, ధరలు ఆకాశంలో. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు లేడు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక. మధ్యలో డబ్బు అవసరమైనవాళ్లకి ఆ భూమి కాగితమే. హైదరాబాద్‌లో ప్రీలాంచ్, యూడీఎస్ (కట్టకముందే స్థలంలో విడదీయని వాటా అమ్మడం) అని సగం ధరకి చెప్తే రెరా (ఇళ్ల ప్రాజెక్టుల ప్రభుత్వ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి, లేదంటే అక్కడితో మాట ఆపేయండి. ఎన్ఆర్ఐ పేరు మీద వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు. 'ఫార్మ్ ప్లాటు' అన్నా రికార్డుల్లో వ్యవసాయమే అయితే అంతే.

ఇండియాలో హోమ్ లోన్ ఉంటే ఒకసారి స్టేట్‌మెంట్ తీయండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. చాలా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు సాగదీశాయి, కట్టేవాళ్లకి తెలియను కూడా తెలియలేదు. ఎన్ని నెలలు మిగిలాయో చూసి అసలులో కొంత కట్టేస్తే అది ప్లాటు కంటే లాభం.

కొత్త సభ్యుడు:

అందరికీ చాలా థాంక్స్. ఎంత పక్కన పెట్టాలి, ఎక్కడ? మా అపార్ట్‌మెంట్ లీజు కూడా మార్చిలో అయిపోతుంది.

ఇర్వింగ్ నుంచి:

నీ అంకెలు వేసుకో, ఇది నెలకి డాలర్లలో నమూనా. అద్దె 1,900, కారు కంతు 480, దాని ఇన్సూరెన్స్ 170, సరుకులు 700, కరెంటు, ఫోన్లు 350, ఇండియా ఈఎంఐ 600. మొత్తం 4,200. ఆరు నెలలకి 25,200. రెండు నెలల కోబ్రా 4,000, లీజు తెంచే ఖర్చు 1,615, ఇద్దరికి టికెట్లు 2,000. అంతా కలిపి 33,000 దగ్గర. ముందు రెండు నెలలది, అంటే 8,400, పోగయ్యేదాకా డౌన్ పేమెంట్ మాట ఎత్తకు. ఇద్దరి పేరు మీద హై యీల్డ్ సేవింగ్స్ చాలు, ఎఫ్‌డీఐసీ (డిపాజిట్ బీమా) ఉందో లేదో చూసుకో. కంపెనీ షేర్లని, ప్లాటుని ఈ లెక్కలో వేయకు.

లీజు తెంచే ఖర్చు 1,615 ఎలా వచ్చిందంటే, ఇక్కడ చాలా లీజుల్లో రీలెట్టింగ్ ఛార్జి (మధ్యలో ఖాళీ చేస్తే వేసే రుసుము) నెల అద్దెలో 85 శాతం. అది కట్టినా లీజు తీరిపోదు, కొత్తవాళ్లు దిగేదాకా అద్దె నువ్వే కట్టాలి. మార్చిలో వాళ్లు 'ఆరు వారాలు ఫ్రీ' అని 14 నెలలకి పెట్టమంటారు. మధ్యలో వెళ్తే ఆ ఫ్రీ వారాల డబ్బు వెనక్కి అడిగే కాగితం కూడా సంతకానికి పెడతారు. రెన్యువల్ కూడా ఫ్రీ కలపని అసలు అద్దె మీదే పెరుగుతుంది. నీ పరిస్థితికి 6, 7 నెలల రేటు అడుగు. నెలకి వందో, నూటయాభయ్యో ఎక్కువ చెప్తే ఒప్పుకో. లేదా 12 నెలలకే పెట్టి, 60 రోజుల నోటీసు, ఒక నిర్ణీత రుసుముతో బయటపడే క్లాజు విడిగా రాయించుకో. లీజింగ్ ఆఫీసులో నోటిమాటగా ఒప్పుకుంటే లెక్కలోకి రాదు, ఆ క్లాజు లీజు కాగితాల్లోనే ఉండాలి.