యూదులపై ద్వేష ప్రచారం: నాయకుల నమ్మకమా, ఎత్తుగడా?

పాతపుస్తకం:
వియన్నా మేయర్ కార్ల్ లూగర్ (1897–1910) సభల్లో యూదులను తిట్టి ఓట్లు దండుకున్నాడు. మళ్లీ యూదుల ఇళ్లలో భోంచేసేవాడు. అదేమిటని అడిగితే “ఎవరు యూదుడో తేల్చేది నేను” అన్నాడని చెప్పుకుంటారు. ఇలాంటి నాయకుల్లో చాలామందికి ద్వేషం వట్టి ఎత్తుగడేనని నా వాదన. కాదంటారా?

గోదారిగట్టు:
ఎత్తుగడ అనేస్తే లూగర్‌కి సగం శిక్ష తగ్గించినట్టేనండి. వినేవాళ్లు నిజమనే నమ్మారు కదా. కుర్రతనంలో వియన్నాలో తిరిగిన హిట్లర్ తర్వాత ఆయన్ని తెగ మెచ్చుకున్నాడు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో, బావుల్లో విషం కలిపి ప్లేగు తెస్తున్నారంటూ యూదులను సజీవదహనం చేశారు. అప్పటికి ప్లేగు ఆ ఊరికి చేరనే లేదు! కాపాడదామన్న నగర పాలకులను వృత్తి సంఘాలు కొద్దిరోజుల ముందే దించేశాయి. తర్వాత యూదులకు చెల్లించాల్సిన అప్పులు రద్దు, సొమ్ము పంపకం. ఇందులో నమ్మకమెంతో, లాభమెంతో విడదీయండి చూద్దాం.

పాతపుస్తకం:
మరి 1968 పోలండ్? మూడు కోట్ల పైచిలుకు జనాభాలో యూదులు పాతికముప్పై వేలు. మార్చిలో సెన్సార్ మీద విద్యార్థులు రోడ్డెక్కితే, ప్రభుత్వం “జియోనిస్టుల (యూదులకు సొంత దేశం ఉండాలనేవాళ్ల) కుట్ర” అంది. హోంమంత్రి మొచార్ వర్గానికి పాలక కమ్యూనిస్టు పార్టీలో కుర్చీలు కావాలి. అధినేత గొముల్కా భార్యే యూదురాలు. ఎత్తుగడ కాక మరేంటి?

సాగరతీరం:
ఆగండి, జియోనిజాన్ని విమర్శించడం వేరు కదా? ఇజ్రాయెల్‌ని ఒక్క మాటంటే యూదు ద్వేషి అని ముద్ర వేస్తున్నారు. అదీ రాజకీయమే.

గోదారిగట్టు:
వేరే. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తిట్టే యూదులే బోలెడుమంది. కానీ వార్సాలో ప్రొఫెసర్ల ఉద్యోగాలు పీకేటప్పుడు ఇజ్రాయెల్ మీద వాళ్ల అభిప్రాయం ఎవరడిగారు? పుట్టుక చూశారు. సుమారు 13 వేలమంది దేశం వదిలారు. పౌరసత్వం వదులుకుంటేనే పోనిచ్చారు, చేతికిచ్చిన పత్రంలో ఈ మనిషి పోలండ్ పౌరుడు కాదని రాశారు.

పాతపుస్తకం గారూ, “జియోనిస్టు” అంటే ఎవరో జనానికి విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. 1946లో పోలండ్ లోనే కీల్సే ఊళ్లో, పిల్లాణ్ని ఎత్తుకెళ్లారన్న అబద్ధం విని సుమారు 40 మంది యూదులను చంపేశారు. యుద్ధం ముగిసి ఏడాదే. ఆ నేల మీదే మొచార్ విత్తనం చల్లాడు.

పాతపుస్తకం:
జనం నమ్మారంటే సరే. మొచార్ నమ్మాడని దానివల్ల తేలదు. గొముల్కాకి ఇదేం కలిసిరాలేదు కూడా: 1970 డిసెంబర్‌లో మాంసం ధరలు పెంచగానే రేవు పట్టణాల కార్మికులు తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి, వారంలో కుర్చీ పోయింది.