90 జీబీ ఖాళీ ఉండగా ‘చోటు లేదు’ అంటే బగ్గా, డిజైనా?

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:
మా ఆఫీసు సర్వర్‌లో 500 జీబీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ (లైనక్స్‌లో డిస్క్ మీద ఫైళ్లను సర్దే ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ ఉంది, 2014లో ఫార్మాట్ చేసింది. నిండా బిల్లు రసీదులే. ఒక్కోటి 4 నుంచి 8 కేబీ, మొత్తం 5 కోట్ల పైమాటే. మొన్న రాత్రి రెండింటికి ఫోన్. కొత్త రసీదు పడట్లేదు, ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటోంది. ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే 90 జీబీ ఖాళీ. ఐనోడ్లు (ఫైల్‌కు ఒకటి చొప్పున దాని వివరాలు ఉంచే రికార్డులు) అయిపోయాయేమోనని వాటి లెక్క చెప్పే డీఎఫ్ మైనస్ ఐ కొట్టాను, అక్కడా కోట్లలో మిగులు. పాత ఫైల్ చివర ఒక లైన్ చేరిస్తే చేరుతోంది, కొత్త ఫైల్ సృష్టిద్దామని టచ్ కమాండ్ కొడితే మాత్రం మొండికేస్తోంది. జూనియరేమో ఇది బగ్, కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) మారిస్తే పోతుందంటాడు. మేనేజర్ ‘ఫార్మాట్’ అన్న మాట వింటేనే ఉలిక్కిపడుతున్నారు. మీరేమంటారు?

మలక్‌పేట్_అడ్మిన్:
ఫైల్‌సిస్టమ్ లోపల చూపే ఎక్స్‌ఎఫ్‌ఎస్_డీబీని రీడ్-ఓన్లీలో తెరిచి ఫ్రీఎస్‌పీ కమాండ్ కొట్టండి. ఖాళీ ఎంతుందో కాదు, ఎన్ని ముక్కలుగా ఉందో చూడండి.

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:
చూశాను అన్నా. దాదాపు అంతా ‘1’, ‘2–3’ బ్లాకుల (4 కేబీ ముక్కల) వరుసల్లోనే ఉంది. ‘4–7’ దగ్గర కాసిని ఉన్నాయి గానీ అలైన్‌మెంట్‌కు, అంటే ఐనోడ్లు మొదలవ్వాల్సిన హద్దులకు, కుదిరేవి లేవనుకుంటా. రసీదుల మధ్యే లాగ్ ఫైళ్లు కొంచెం కొంచెంగా పెరిగేవి, నెల దాటిన లాగులు తీసేసేవాళ్లం.

మలక్‌పేట్_అడ్మిన్:
అదీ సంగతి. పెళ్లిలో బంతి వేయడం తెలుసు కదా, ఇది అలాంటిదే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్లను ఒక్కొక్కటిగా కూర్చోబెట్టదు, 64 మందికి ఒకే బంతి వేస్తుంది. మీ పాత ఫార్మాట్‌లో ఐనోడ్ 256 బైట్లు కాబట్టి బంతికి 16 కేబీ, అంటే 4 కేబీ బ్లాకులు నాలుగు పక్కపక్కనే కావాలి. హాల్లో వెయ్యి కుర్చీలు ఖాళీగా ఉన్నా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే కొత్త బంతి లేవదు. పాత ఫైల్ పెరగడానికి మాత్రం ఒక్క కుర్చీ చాలు, అందుకే అది నడుస్తోంది.

డీఎఫ్ మైనస్ ఐని నమ్మకండి. ఖాళీ బ్లాకులన్నీ ఐనోడ్లుగా మారతాయనుకుని లెక్క చెబుతుంది.

అమీర్‌పేట్_బ్యాచ్:
అయితే బగ్గే కదా! ఖాళీ ఉందని చెప్పి లోపలికి రానివ్వకపోతే ఇంకేమంటారు? దీని బదులు ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వేసుకుని ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

మలక్‌పేట్_అడ్మిన్:
లెక్క వేసి మాట్లాడు తమ్ముడూ. ఈఎక్స్‌టీ4 మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ రోజే కట్టేస్తుంది. 500 జీబీకి సుమారు 3 కోట్లు. ఈయన 5 కోట్ల దాకా వచ్చేవారే కాదు, ఎప్పుడో ఆగిపోయేవారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను 1990లలో సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్లు పెద్ద పెద్ద ఫైళ్ల కోసం కట్టారు, 8 కేబీ రసీదుల కోసం కాదు.

అమీర్‌పేట్_బ్యాచ్:
సరే, లెక్కలో ఓడిపోయాను. కానీ డిజైన్ అంత బాగుంటే 2015లో లైనక్స్ 4.2లో స్పార్స్ ఐనోడ్లు ఎందుకు తెచ్చారు? బంతి నిండా చోటు లేకపోతే సగం బంతైనా వేద్దామనే కదా. సవరించారంటే తప్పు ఒప్పుకున్నట్టే.

ఓల్డ్‌సిటీ_రూట్:
ఆ ఒక్క మాటకు నా ఓటు ఈ పిల్లాడికే. కానీ దానివల్ల కొండాపూర్ గారికి ఒరిగేదేమీ లేదు. స్పార్స్ ఐనోడ్లు కొత్త వెర్షన్ 5 ఫార్మాట్‌కే, అదీ ఫార్మాట్ చేసేటప్పుడు పెట్టుకోవాల్సిందే. 2014 డిస్క్ మీద కెర్నెల్ ఎంత కొత్తది వేసినా మార్పు ఉండదు. సూపర్‌బ్లాక్‌లో (ఫైల్‌సిస్టమ్ సెట్టింగులు ఉండే చోట) బిట్ తిప్పేద్దామని మీ జూనియర్ అనొచ్చు, కీబోర్డ్ లాక్కోండి. స్పార్స్ ఐనోడ్లతో అలైన్‌మెంట్ లెక్క కూడా మారుతుంది, బిట్ ఒక్కటే తిప్పితే సరిపోదు.

డీఫ్రాగ్ (ముక్కలను ఒకచోట చేర్చడం) చేద్దామనీ అనుకోకండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఎఫ్‌ఎస్‌ఆర్ ఫైళ్లను సర్దుతుంది, ఖాళీని కాదు. కొన్నిసార్లు ఖాళీ ఇంకా ముక్కలవుతుంది. కింద ఎల్‌వీఎం (డిస్క్ చోటును కావాల్సినట్టు పంచే పొర) ఉందా?

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:
ఉంది. గ్రూపులో 60 జీబీ మిగులు.

ఓల్డ్‌సిటీ_రూట్:
అందులో 20 ఇచ్చి, ఫైల్‌సిస్టమ్‌ను పెంచే ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్ కొట్టండి. అన్‌మౌంట్ అక్కర్లేదు. కొత్తగా చేరేది చెక్కుచెదరని చోటు, బంతులు వెంటనే లేస్తాయి.

మలక్‌పేట్_అడ్మిన్:
లేస్తాయి, ఎన్నాళ్లు? డేటా కూడా అక్కడికే దూరి మళ్లీ ముక్కలు చేస్తుంది. పైగా మళ్లీ 20 తగ్గిద్దామంటే తగ్గదు. అసలు 5 కోట్ల చిన్న ఫైళ్లెందుకు? పాత నెలలవి ఒక్కో టార్ (చాలా ఫైళ్లను ఒకే ఫైల్‌గా కట్టిన మూట) చేసి పక్కన పెట్టండి. పది లక్షల రసీదులు తీస్తే పది లక్షల ఐనోడ్లు ఖాళీ అవుతాయి, బంతే వేయక్కర్లేదు.

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:
గ్రోఎఫ్‌ఎస్ పని చేసింది. టచ్ కొట్టగానే ఫైల్ పడింది, అప్పుడు గాని చాయ్ తాగలేదు. 2019 రసీదులు టార్ అవుతున్నాయి, మెల్లగా. దసరా సెలవుల్లో ఫార్మాట్ చేస్తానని మేనేజర్‌కు మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు.

అమీర్‌పేట్_బ్యాచ్:
ఆ మెయిల్‌లో బగ్ అని రాశారా, డిజైన్ అనా?

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:
బగ్ అనే. డిజైన్ అంటే సెలవులివ్వరు.