గుండెపోటుకి గడ్డ కరిగించే సూది అంబులెన్స్‌లోనే వేయరెందుకు?

పలమనేరోడు:
మాది పలమనేరు పక్కన పల్లె. పోయిన నెల తెల్లారుజామున నాయన గుండెల్లో పట్టేసినట్టుంది అన్నాడు, గ్యాస్ అనుకోని సోడా తాపిస్తిమి, గంట అట్లే పోయింది. బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట, అప్పుడు భయమేసి బండి పిలిపించి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు పోతే ఒక ఆస్పత్రిలో ఈసీజీ తీసి తిరుపతి పొమ్మన్నారు, మళ్ళీ డెబ్బై కిలోమీటర్లు. ఇప్పుడు బాగుండాడు, స్టెంట్ వేసినారు. కానీ అక్కడ డాక్టరు, గడ్డ కరిగే ఇంజెక్షన్ ముందే పడుంటే కండరం ఇంత దెబ్బతినేది కాదు అన్నాడు. అది బండిలోనే వేసేస్తే ఏం పోతుంది?

నైట్‌డ్యూటీ అక్క:
తమ్ముడూ, సూది వేయడం కష్టం కాదు, టెనెక్టెప్లేజ్ అయితే బరువు చూసి 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఒకే పుష్, అయిపోయె. పాత స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కించాల, మధ్యలో బీపీ పడిపోతాది, ఘాట్ మలుపుల్లో ఎవురు చూసుకుంటారు? అసలు సంగతి ఈసీజీ. ఎస్టీ ఎలివేషన్ ఉంటేనే వేయాల, అంటే ఈసీజీ గీతలో ఒక భాగం పైకి లేచుండాల, గుండె రక్తనాళం మూసుకుపోయిందనే గుర్తు అది, అన్ని గుండె నొప్పులకీ వేస్తే లాభం లేకపోగా రక్తస్రావం మిగులుతాది. నూటికి ఒకరికి మెదడులో బ్లీడింగ్ అయ్యే రిస్క్ ఉంది కాబట్టి ముందు అడగాల్సినవి చాలా: పక్షవాతం వచ్చిందా, ఆపరేషన్ అయ్యిందా, బీపీ ఎంత. 75 ఏళ్ళు దాటినోళ్ళకి టెనెక్టెప్లేజ్ సగం డోసే.

తిరుపతి మెడికో:
బయట దేశాల్లో వేస్తారు బ్రో. స్కాట్లాండ్‌లో పల్లె డాక్టర్లు ఇంట్లోనే వేసి చూసిన ట్రయల్ 1992లోనే వచ్చింది, ఫ్రాన్స్‌లో అయితే బండిలో డాక్టరే ఉంటాడు. ఈసీజీ తేలినాక 120 నిమిషాల్లో స్టెంట్ పడదంటే సూది వేసేయమనే గైడ్‌లైన్స్. మన ఆంధ్రాలో ఏరియా ఆస్పత్రుల్లో ఫ్రీగా వేస్తున్నారు, ఈసీజీ కార్డియాలజిస్టుకి పంపించి అడుగుతారు. ఈసారి ఎవురికన్నా ఇట్లయితే తిరుపతి దాకా లాగొద్దు, దగ్గర్లో ఎక్కడ వేస్తారో అక్కడికే ఫస్ట్. వేసినాక కూడా యాంజియోగ్రామ్‌కి పోవాల్సిందే, సూదితో సరిపోదు.

చిత్తూరు చిన్నమ్మ:
మా అత్తకి మూతి వంకర పోతే మేమూ ఇదే సూది అడిగినాం, సీటీ తీయకుండా కుదరదన్నారు. గడ్డ కట్టిందా, నరం చిట్లిందా బయటికి తెలీదంట, చిట్లిన దానికి ఇది వేస్తే ప్రాణమే పోతాది. అందుకే జర్మనీలో బండిలోనే సీటీ మిషన్ పెట్టినారంట! పక్షవాతానికి మామూలుగా నాలుగున్నర గంటల్లోపల పడాల.

పలమనేరోడు:
థ్యాంక్స్ అక్కా. బరువు అంటే గుర్తొచ్చె, చిత్తూరులో నాయన బరువెంత అని అడిగినారు, ఇంట్లో ఒక్కరికీ తెలీదు. అమ్మేమో బియ్యం మూట ఒక్కడే ఎత్తుతాడు సార్ అనింది.