వరిగడ్డి కాగితంలో వల ముక్కలు ఊడిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. మా తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వలలో చిక్కితే గాలి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి పాపం. ఈ సంగతి బడి పిల్లలకు కళ్లకు కట్టేలా చెప్పాలని ఒక పెద్ద తాబేలు బొమ్మ చేస్తున్నాను.

వరిగడ్డిని సున్నపు నీళ్లలో ఉడికించి, బాగా కడిగి, దంచి, నానబెట్టిన పాత నోటుపుస్తకాల గుజ్జుతో కలిపి షీట్లు తీస్తున్నాను. తడి ఆరకముందే ఒడ్డున ఏరిన నైలాన్ వల ముక్కలు, సీసా మూతలు అందులో ఒత్తుతున్నాను. ఆరేకొద్దీ కాగితం ముడుచుకుంటుంది, నైలాన్ ముడుచుకోదు. దాంతో వల చుట్టూ కాగితం చిట్లి, మూతలు ఊడొస్తున్నాయి. మైదా జిగురు పట్టు బాగుంది గానీ, సముద్రపు తేమకు నల్లగా బూజు పడుతోంది.

ఫెవికాల్ వాడమంటున్నారు. అదీ ప్లాస్టిక్ జాతిదే కదా, ఈ బొమ్మకు పూయడానికి మనసొప్పడం లేదు.

గుజ్జులో సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే, నీళ్లలో కరిగే జిగురు) పొడి కలిపితే పట్టు వస్తుందా? ఎంత కలపాలి? వల ముక్కల్ని రెండు పల్చటి పొరల మధ్య పెట్టి, బరువు కింద ఆరబెడితే చిట్లకుండా ఉంటుందా? జిగురులో పటిక వేస్తే బూజు ఆగుతుందంటారు, కానీ కాగితం తొందరగా పసుపెక్కుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఒంగోలు, నెల్లూరు వైపు చేత్తో కాగితం తీసేవాళ్లుంటే చెప్పండి, వచ్చి నేర్చుకుంటాను.