అర్ధలోహం అంటే ఏ లోహం?

టెక్కలి: డిగ్రీ పిల్లలకి ఒక తెలుగు పాఠం తయారవుతోంది. న్యూట్రాన్ స్కాటరింగ్ మీద, అంటే పదార్థం మీదికి న్యూట్రాన్లని పంపి అవి ఎలా చెదురుతాయో చూసే పద్ధతి మీద. పేరు ‘స్థలాకృతిక అర్ధలోహాల్లో అయస్కాంత ఉత్తేజాలు’. సరిపోద్దా మాస్టారూ?

బొబ్బిలి: రెండు మాటలు తీసెయ్యాలండి. స్థలాకృతి అనగానే జాగ్రఫీ పటాలు గుర్తొస్తాయి, టోపలాజికల్ అనే ఉంచండి. అర్ధలోహం ఇంకా చిక్కు. బడి కెమిస్ట్రీలో సిలికాన్, జెర్మేనియంలకి ఆ పేరు ఎప్పుడో ఇచ్చేశారు. మీ సెమీమెటల్ వేరు: ఇందులో ఎలక్ట్రాన్ల శక్తి పట్టీలు రెండు, సంయోజక పట్టీ (వాలెన్స్ బ్యాండ్), వహన పట్టీ (కండక్షన్ బ్యాండ్), కొన్ని బిందువుల దగ్గర తాకుతాయి. హాఫ్ మెటల్ అని మూడోది ఉంది, అందులో ఒక దిశ స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లే కరెంటు మోస్తాయి. కోబాల్టు, తగరం, గంధకం 3:2:2 పాళ్లలో కలిసిన స్ఫటికం వైల్ సెమీమెటలూ (టోపలాజికల్ సెమీమెటల్లో ఒక రకం), హాఫ్ మెటలూ కూడా. రెండిటికీ అర్ధలోహమే అని రాస్తే పిల్లాడికి ఏం అర్థమవుద్ది?

టెక్కలి: మా పాఠంలో ఉదాహరణ అదే స్ఫటికం. మరి ఉత్తేజాలు?

విజయనగరం: ఉంచొచ్చు. ‘ఉత్తేజిత స్ఫటికం’ అని మాత్రం రాయొద్దు. స్ఫటికాన్ని 5 కెల్విన్ల దాకా చల్లబరుస్తారు. అక్కడ ఉష్ణశక్తి 0.43 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే, అంతకన్నా బాగా ఎక్కువ శక్తి ఉన్న స్పిన్ తరంగాలు (స్పిన్‌ల ఊగిసలాట అలలా పాకడం, మన అయస్కాంత ఉత్తేజాలు ఇవే) దాదాపు ఉండవు. న్యూట్రానే తన శక్తిలో కొంత పోగొట్టుకుని తరంగాన్ని పుట్టిస్తుంది. ఎంత పోయిందో, ఏ దిక్కుకి తిరిగిందో, అదే కొలత.

టెక్కలి: దీన్నే ఇన్‌ఎలాస్టిక్ స్కాటరింగ్ అంటారు కదా, దానికి ‘అస్థితిస్థాపక పరిక్షేపణం’ అనేది పలకడమే కష్టంగా ఉంది.

రాజాం: మొదటిసారి తెలుగు అకాడమీ మాట ఇచ్చి, తర్వాత ‘శక్తి మారిన చెదురు’ అనండి. అర్థం మాటలోనే ఉంది.

రాజాం (కొనసాగిస్తూ): మాటలతో పాటు ప్రయోగం ఎలా చేస్తారో కూడా రాయండి. ఈ స్ఫటికంలో ఒక్కో కోబాల్టు అయస్కాంత భ్రామకం 0.3 బోర్ మాగ్నెటాన్ల (అణు అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరే, అందుకే సంకేతం బలహీనం. చిన్న స్ఫటికాలు చాలా పోగేసి, ఎక్స్‌రే లావే ఫొటోలు (స్ఫటికం ఏ దిక్కుకి ఉందో చూపే చుక్కల చిత్రాలు) చూసుకుంటూ ఒకే దిక్కుకి తిప్పి అల్యూమినియం రేకు మీద అతికించాలి. మామూలు జిగురులో హైడ్రోజన్ ఉంటుంది, అది న్యూట్రాన్లని నలుదిక్కులా చెదరగొట్టి సంకేతాన్ని ముంచేస్తుంది. హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్ ఉన్న జిగురు వాడాలి. కోబాల్టు న్యూట్రాన్లని మింగుతుంది కూడా (1.8 ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యం దగ్గర 37 బార్న్‌లు; బార్న్ అంటే పరమాణు కేంద్రకం న్యూట్రాన్‌కి ఎంత పెద్దగా కనబడుతుందో చెప్పే ప్రమాణం), కాబట్టి నమూనా మందం పెంచుకుంటూ పోతే లాభం లేదు. పైగా రేడియోధార్మికమైన కోబాల్టు-60 తయారవుతుంది. దాని అర్ధాయువు 5.27 ఏళ్లు, రేడియేషన్ కొలవకుండా నమూనాని బయటికి ఇవ్వరు.

టెక్కలి: ఫోనాన్లని, అంటే స్ఫటికంలో పరమాణువుల కంపనాల్ని, స్పిన్ తరంగాలనుకునే ప్రమాదం?

రాజాం: ఉంది. న్యూట్రాన్ నుంచి స్ఫటికానికి మొమెంటం బదిలీ పెరిగేకొద్దీ ఫోనాన్ తీవ్రత పెరుగుతుంది, అయస్కాంత తీవ్రత తగ్గుతుంది. ఒకే శక్తి దగ్గర రెండు మూడు బ్రిల్లువాన్ జోన్లలో (మొమెంటం పటంలో పదే పదే వచ్చే ఒకేలాంటి గళ్లలో) కొలిచి పోల్చాలి. 177 కెల్విన్ల పైన ఫెర్రో అయస్కాంత క్రమం పోతుంది కదా అని, అక్కడి కొలతని ‘నేపథ్యం’ అని రాసి తీసివేయించకండి. క్రమం పోయినా స్పిన్‌ల ఒడుదొడుకులు మిగిలే ఉంటాయి. వాటిని తీసేస్తే అసలు సంకేతంలోంచే కొంత పోతుంది.