పదకొండేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ ఫ్లయింగ్: ఏది ముందు, ఏది వెనక?

రన్‌వే36:
2013లో ఇక్కడ టెక్సస్‌లోనే కమర్షియల్ (జీతానికి ఎగిరే లైసెన్సు) సింగిల్, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగరడం), సీఎఫ్ఐ (ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) పూర్తిచేశాను. మొత్తం 410 గంటలు. 2014లో సాఫ్ట్‌వేర్‌కి మారాక విమానం జోలికి పోలేదు. ఇప్పుడు గ్రీన్‌కార్డు వచ్చింది, వయసు 41, బీపీకి రోజూ ఒక మాత్ర. డెంటన్‌లో మళ్లీ మొదలుపెట్టి, ఇన్‌స్ట్రక్టర్‌గా గంటలు కూడబెట్టుకుని రీజనల్ ఎయిర్‌లైన్‌కి వెళ్లాలని ఆలోచన. పాత సర్టిఫికెట్లు చెల్లుతాయా? డబ్బు ఎక్కడ వృథా అవుతుంది?

పిటోట్యూబ్:
మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్) తేలేదాకా విమానం మీద ఒక్క డాలరు పెట్టకండి. రెండేళ్ల ప్లాన్ ఏదైనా అక్కడే ఆగిపోతుంది.

ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సైటు మెడ్‌ఎక్స్‌ప్రెస్‌లో ఫారం నింపగానే కన్ఫర్మేషన్ నంబర్ వస్తుంది. ఏఎంఈ (ఎఫ్ఏఏ తరఫున పైలట్లను పరీక్షించే) డాక్టరు ఆ నంబరుతో మీ ఫారం తెరిచాక ఇక వెనక్కి తీసుకోలేరు. మెడికల్ ఇవ్వాలి, ఎఫ్ఏఏకి డిఫర్ చేయాలి (నిర్ణయం వాళ్లకే వదలాలి), లేదా తిరస్కరించాలి, ఈ మూడే దారులు. అందుకే మొదటిసారి కన్సల్టేషన్ అని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీ డాక్టరు లెటర్ చూపించండి: మందు పేరు, డోసు, సైడ్ ఎఫెక్ట్స్ లేవన్న మాట, ఈమధ్య రీడింగులు అందులో ఉండాలి. బీపీ 155/95 లోపల ఉండి, కాగితాలు సరిగ్గా ఉంటే చాలా సందర్భాల్లో ఆఫీసులోనే ఇచ్చేస్తారు. ఆయన సరేనన్నాకే నంబర్ ఇవ్వండి. నింపిన ఫారం 60 రోజులే నిలుస్తుంది.

గత మూడేళ్లలో డాక్టర్లను కలిసినవన్నీ రాయాలి. సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు చూపించుకున్నవీ అందులోకే వస్తాయి. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే.

ఇంకొకటి, జలుబు చేయగానే సెట్రిజిన్ వేసుకునే అలవాటు మానుకోండి. అది మత్తు మందుల జాబితాలో ఉంది, వేసుకుని ఎగరకూడదు. బెనడ్రిల్ అయితే చివరి డోసు తర్వాత 60 గంటలు ఆగాలి. లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మీకు పడితే పర్వాలేదు.

ఇన్‌స్ట్రక్టర్‌కి థర్డ్ క్లాస్ మెడికల్ చాలు. అయినా మీ లక్ష్యం ఎయిర్‌లైన్ కాబట్టి ఒకసారి ఫస్ట్ క్లాసే చేయించుకుని తేల్చుకోండి. 40 దాటాక దానికి ఏటా ఈసీజీ ఉంటుంది, ఫస్ట్ క్లాస్ హక్కులు ఆరు నెలలే.

క్రాస్‌విండ్:
కమర్షియల్‌కి, రేటింగులకి గడువు లేదండీ, అవి మీవే. అడ్రస్ మారి 30 రోజులు దాటినా ఎఫ్ఏఏకి చెప్పకపోతే మాత్రం వాటిని వాడకూడదు. ముందు ఆన్‌లైన్‌లో అది సరిచేయండి.

ఫ్లైట్ రివ్యూకి (ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే సమీక్ష) రూలు ప్రకారం గంట గ్రౌండ్, గంట ఫ్లైట్. పదకొండేళ్ల తర్వాత ఆ లెక్క కాగితం మీదే. నా అంచనా 10 నుంచి 15 గంటల డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి), అదీ వారానికి రెండు మూడుసార్లు. నెలకొకసారి ఎగిరితే ప్రతిసారీ మొదటికొస్తుంది, డబ్బు కారిపోయేది అక్కడే.

ముందుగా చెడేది ల్యాండింగ్. భయం కొద్దీ స్పీడు పెంచుకుని వస్తారు. సెస్నా 172ఎస్‌లో షార్ట్‌ఫీల్డ్ (చిన్న రన్‌వే) ల్యాండింగ్‌కి 61 నాట్లు చాలు. 70తో వస్తే ఎనర్జీ మూడో వంతు దాకా పెరుగుతుంది. విమానం తేలుతూ పోతుంది, మీరు దాన్ని బలవంతంగా కిందికి నొక్కుతారు, నోస్‌వీల్ ముందు తగిలి బౌన్స్. ఫ్లేర్‌లో (నేల తాకేముందు ముక్కు పైకెత్తే దశ) చూపు ముక్కు దగ్గర కాదు, రన్‌వే చివర ఉండాలి. టచ్ అండ్ గో (దిగి ఆగకుండా మళ్లీ లేవడం) వద్దు, మొదటి కొన్ని గంటలు ఫుల్‌స్టాప్‌లే చేయండి.

మీరు వెళ్లాక మారినవి కూడా ఉన్నాయి. పైలట్ టెస్టుల ప్రమాణాల్లో పీటీఎస్ పోయి ఏసీఎస్ వచ్చింది. స్లోఫ్లైట్‌లో ఇప్పుడు స్టాల్ హార్న్ (లిఫ్ట్ పోబోతోందని హెచ్చరించే శబ్దం) మోగనివ్వకూడదు. 2019 నుంచి ఫ్లైట్‌ప్లాన్ అంతర్జాతీయ (ఐకావో) ఫార్మాట్‌లోనే. డెంటన్ డాలస్ పెద్ద ఎయిర్‌పోర్ట్ డీఎఫ్‌డబ్ల్యూ చుట్టూ ఉన్న మోడ్ సీ వెయిల్‌లో (ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి అయిన ప్రాంతం) ఉంది కాబట్టి 2020 నుంచి ఏడీఎస్-బీ అవుట్ (విమానం ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం) తప్పనిసరి. చవగ్గా అద్దెకిచ్చే పాత విమానం కనిపిస్తే ముందు ఇది అడగండి.

హోల్డింగ్‌లో:
సీఎఫ్ఐ సంగతి వేరు. మీది 2015లోనే ముగిసింది. రిఫ్రెషర్ కోర్సుతో తిరిగి రాదు, ప్రాక్టికల్ టెస్ట్ ఇవ్వాల్సిందే. కానీ ఒక వెసులుబాటు ఉంది: పాత సీఎఫ్ఐ టెస్టే మళ్లీ ఇవ్వాలనేం లేదు, కొత్త రేటింగ్ టెస్టు పాసైనా పాతది బతుకుతుంది. మీకు సీఎఫ్ఐఐ (ఇన్‌స్ట్రుమెంట్ నేర్పే రేటింగ్) లేదు కదా, దాని రిటెన్ రాసి ఆ చెక్‌రైడ్‌కే (ప్రాక్టికల్ టెస్ట్) వెళ్లండి. ఒక్క ఫీజుతో రెండూ. ఇన్‌స్ట్రుమెంట్ మళ్లీ బాగా పట్టుబడ్డాకే సుమా, లేకపోతే ఆ ఒక్క ఫీజూ పోతుంది.

ఏటీపీకి (ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్) మొత్తం 1500 గంటలు మాత్రమే చూసుకోకండి. 500 క్రాస్‌కంట్రీ, 100 రాత్రి, 75 ఇన్‌స్ట్రుమెంట్, 250 పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్), 50 మల్టీ కావాలి. ఇన్‌స్ట్రక్టర్లు దెబ్బతినేది సాధారణంగా క్రాస్‌కంట్రీ, మల్టీల దగ్గరే. సింగిల్ ఇంజిన్‌లో ప్యాటర్న్‌లో (ఎయిర్‌పోర్ట్ చుట్టూ) తిరిగిన గంటలు వీటికి పనికిరావు. పాత లాగ్‌బుక్ ఇప్పుడే స్కాన్ చేసి, ఒక్కో కాలమ్ విడిగా కూడండి. ఏటీపీ రిటెన్‌కి ముందు 30 గంటల క్లాసు, 10 గంటల సిమ్‌తో సీటీపీ కోర్సు ఉంటుంది. దాన్ని చాలా రీజనల్స్ తామే భరిస్తాయి, సొంత డబ్బు పెట్టకండి.

ఇది చదివే హెచ్1బీ వాళ్లకి ఒక మాట: సరదాకి ఎగరండి, పక్కన జీతానికి మాత్రం వద్దు.

రన్‌వే36:
చాలా థాంక్సండీ. ఐపీసీ (ఇన్‌స్ట్రుమెంట్ నైపుణ్యాన్ని మళ్లీ చెక్ చేయించుకోవడం) సిమ్యులేటర్‌లో చేసుకుంటే ఖర్చు తగ్గుతుందా? దగ్గర్లో ఒకచోట చవగ్గా ఉంది.

క్రాస్‌విండ్:
అది ఏఏటీడీ (అడ్వాన్స్‌డ్ రకం సిమ్యులేటర్) అయితే సర్కిలింగ్ అప్రోచ్ (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), ల్యాండింగ్ లాంటివి తప్ప దాదాపు అంతా దాంట్లోనే చేయొచ్చు, అవి విమానంలో. బీఏటీడీ (బేసిక్ రకం) అయితే ఐపీసీకి చెల్లదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఎఫ్ఏఏ ఇచ్చిన ఎల్‌ఓఏ (ఆమోదం) లెటర్ చూపించమనండి. ఏ పనికి చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది.